బెత్తెడు చోటు

ఈమధ్య కడపలో మా మనవరాలు కొత్త ఇల్లు తీసుకుంది. వంటగదిలో అలమరలు బిగించే రోజున నన్నొక కుర్చీలో కూర్చోబెట్టి, చూస్తూ ఉండమంది. అన్నీ ముందే తయారై వచ్చిన పెట్టెలు. పనిచేసే ఆయన వాటిని గోడవారగా నిలబెట్టి, చివర్లో వాటి కింద మిగిలిన ఖాళీకి అడ్డంగా ఒక పొడుగాటి పట్టీ పెట్టి అరచేత్తో కొట్టాడు. అది టక్కుమని కూర్చుంది. అదేమిటని అడిగితే, దాన్ని టోకిక్ అంటారని, నిలబడి వంట చేసేటప్పుడు కాలివేళ్లు తగలకుండా లోపలికి పెడతారని చెప్పాడు.

నాకు నవ్వొచ్చింది. ఇలాంటి పట్టీ కోసమే నేలమీద బోర్లా పడుకుని, చెంప బండకు ఆనించి, ఒక కన్ను మూసి చూసే మనిషి ఒకాయన గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఉండి ఉంటే ఆ టక్కుమన్న చప్పుడుకు ఎంత నొచ్చుకునేవాడో, ఆ నొప్పిని వీధి చివరిదాకా ఎలా వినిపించేవాడో తలుచుకున్నాను.

నేను ప్రొద్దుటూరుకు కోడలిగా వచ్చిన కొత్తలో, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి రోజుల్లో, ఆయన మా ఇంటికి వచ్చాడు. జమ్మలమడుగు ముస్లిం. చెక్కపని చేసేవాడు. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లేవాడు. అందరూ ఆయన్ను మేస్త్రీ అనేవాళ్లు. బస్సు దిగి మా వీధి మలుపు తిరగకముందే ఆయన గొంతు మా నడవలోకి వచ్చేసేది. దారిలో కనబడిన వాళ్లందరి క్షేమం అడిగేవాడు. వాళ్లు చెప్పే జవాబు వినడానికి మాత్రం ఆగేవాడు కాదు.

ఒక్కడే పని చేస్తున్నా ఇద్దరు మనుషులు మాట్లాడుతున్నట్టు ఉండేది. ఒకరు ఆయన, రెండోది చెక్క. చెక్క మాటలు కూడా ఆయనే మాట్లాడేవాడు. చిత్రిక పడుతున్నప్పుడు ఎక్కడైనా ముడి అడ్డు తగిలితే, కాసేపు బతిమాలేవాడు, కాసేపు బెదిరించేవాడు, చివరికి చెక్క ఒప్పుకుందని మాతో చెప్పేవాడు. పని పూర్తయ్యాక ఎద్దు వీపు చరిచినట్టు దాన్ని ఒక్క చరుపు చరిచి, వెనక్కి జరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఎవరూ నోరు తెరవకముందే తానే మెచ్చుకునేవాడు.

“నా పనిని ముందు నేనే మెచ్చుకుంటా. మీకేమిటికి ఆ శ్రమ?” అనేవాడు.

చాల్లే అనే మాట ఆయనకు గిట్టదు. ఇంటివాళ్లెవరైనా ఇది చాల్లే మేస్త్రీ అంటే, చెవి దగ్గర దోమను తోలినట్టు చెయ్యి ఆడించి మళ్లీ పనిలో పడేవాడు.

ఆయన మా ఇంటికి రావడానికి కారణం మా అత్త మోకాలు. అంతకు ముందు ఏడు వానాకాలంలో ఆమె పెరట్లో బావి గట్టు మీద జారిపడింది. కట్టు కట్టిన వైద్యుడు ఎముకనైతే అతికించాడు గానీ కాలు వంగడం మానేసింది. ఆ రోజుల్లో వంటంటే పీట మీద కూర్చుని పొయ్యి ముందు చేసేది. కూర్చోలేని మనిషికి వంటగదిలో పనేముంది? వంట నా చేతికి వచ్చింది. నాకు సరిగ్గా రాదు. మా అత్త గడప దగ్గర ఎత్తు బల్ల మీద కూర్చుని చెబుతుంటే చేసేదాన్ని. మొదట్లో ఆమె కోప్పడేది. తర్వాత్తర్వాత కోప్పడటం కూడా మానేసింది. ఉప్పు ఎక్కువైనా ఏమీ అనేది కాదు. రెండు ముద్దలు తిని, గోడ వైపు తిరిగి పడుకునేది. ఇల్లంతా తన నోటితో నడిపిన మనిషి అలా మాట పోగొట్టుకోవడం చూసి, బట్టల అంగడి మూసి వచ్చిన మా మామ అన్నం ముందు కూర్చుని ఊరికే కలిపి లేచిపోయేవాడు.

మామ ఏదో పనిమీద వెళ్లి ఎవరి బంగళాలోనో నిలబడి వండే గట్టు చూసి వచ్చాడు. మనమూ కట్టిద్దామన్నాడు. నడుమెత్తున నాపబండ పరిచి, దానిమీద కిరసనాయిలు స్టవ్వు పెట్టి, బండ కింద సామాను పెట్టుకోవడానికి చెక్క అలమరలు చేయించాలని అనుకున్నారు. చెక్కపనికి మేస్త్రీని పిలిచారు.

పని జరిగినన్నాళ్లు వంట పెరటి పంచలోకి మారింది. మేస్త్రీ పనిబల్ల కూడా అక్కడే ఉండేది. నాలుగు కాళ్ల ఎత్తు బల్ల. ఆయన మధ్యాహ్నం నమాజుకు, తిండికి వెళ్లినప్పుడు మా అత్త ఆ బల్లను నాచేత కడిగించి, మీద అరిటాకు పరిపించి, నిలబడి కూరలు తరిగేది. కొన్నాళ్లకు పిండి కలపడం మొదలుపెట్టింది. ఒకరోజు బొబ్బట్లు కూడా తట్టింది. తిరిగొచ్చిన మేస్త్రీ తన బల్ల వాసన చూసి, ఉలి పట్టుకుంటే చేతికి ఇంగువ వాసన వస్తోందని, ఇంటికి పోతే పెండ్లాం యాడ తిని వచ్చినావని అడుగుతోందని మొరపెట్టుకునేవాడు. బొబ్బట్టు ఆకులో పెట్టిస్తే మాత్రం మొర ఆపేవాడు.

గట్టు తయారైంది. నున్నటి నల్లబండ, కింద టేకు తలుపులు నేల దాకా. మేస్త్రీ చరిచి, మెచ్చుకుని వెళ్లాడు. గది కడిగి, ముగ్గేసి, పాలు పొంగించాం. మా అత్త కొత్త చీర కట్టుకుని నిలబడింది. మధ్యాహ్నం కాకముందే గరిటె నా చేతికిచ్చి మంచం మీదికి వెళ్లిపోయింది. మర్నాడూ అంతే. నడుం పట్టేసింది. ఆ గట్టు తనకొద్దని, పీకి కొట్టంలో పడెయ్యమని, మునుపటిలాగే గోడవైపు తిరిగి చెప్పింది. మిగిలిన ఒక్క ఆశా పోయిందనిపించింది మాకందరికీ.

మేస్త్రీకి కబురు వెళ్లింది. వచ్చాడు. ఆ రోజు వీధిలో ఆయన గొంతు వినిపించలేదు. పంచలో నిలబడి, తన పనిలో తప్పు ఉండదని, బండ ఎత్తు సరిగ్గానే ఉందని, తలుపులు గాలి ఊదితే తెరుచుకుంటాయని ఒకటే చెప్పుకొచ్చాడు. మా అత్త కర్ర పట్టుకుని లేచి వచ్చింది.

“నీ పని తప్పని ఎవరన్నారప్పా? నీ గట్టు నన్ను ఎనక్కి తోసేస్తాండాది, అది చెప్తాండా. నీ పనిబల్ల కాడ దినామూ నిలబడితి కదా, ఆడ ఇట్ల లేకపోయె.”

పనిబల్ల ఇంకా పంచలోనే ఉంది. మేస్త్రీ వెళ్లి దాని ముందు నిలబడ్డాడు. ఉలి పట్టుకున్నట్టు చేతులు పెట్టి, తల వంచి తన కాళ్లు చూసుకున్నాడు. వేళ్లు బల్ల కిందికి పోయి ఉన్నాయి. అక్కడినుంచి వంటగది గడప దాకా వచ్చి ఆగిపోయాడు. మా అత్త మడి మనిషి. పాలు పొంగించిన వంటగదిలోకి పరాయివాళ్లెవరూ రారు. లోపలికి రాకపోతే ఎట్ల తెలుస్తుందని ఆమే అని, ఆయన్ను పిలిచి, గట్టు ముందు నిలబడి చూపించింది. ఆమె బొటనవేళ్లు టేకు తలుపుకు గుద్దుకుని ఉన్నాయి. అందుకని జానెడు వెనక్కి నిలబడి, స్టవ్వు అందడానికి ముందుకు వంగుతోంది. రోజంతా ఆ వంపే.

మేస్త్రీ నవ్వడం మొదలుపెట్టాడు. మొదట నోటితో, తర్వాత కడుపుతో, తర్వాత ఒళ్లంతా.

“పెద్దమ్మా, చేతులకు చోటిచ్చినా, కడుపుకు చోటిచ్చినా. కాళ్లను మర్చిపోయినా.”

అప్పటికప్పుడు తలుపులు ఊడదీశాడు. అలమరల అడుగున బెత్తెడు ఎత్తున కోసి, బెత్తెడు లోపలికి జరిపాడు. దాంతో కాలివేళ్లకు ఒక గూడు తయారైంది. మా అత్త నిలబడి చూసి, నడుం నిటారుగా పెట్టుకుంది. అందరం ఊపిరి పీల్చుకునేలోగా మామ ఇంకో సంగతి ఎత్తాడు. ఎండాకాలం వస్తే మా వైపు బండల సందుల్లో తేళ్లు చేరతాయి. అలమరల కింద అంత బొరియ వదిలితే, వంగలేని మనిషి కాళ్ల దగ్గర ఏముందో ఎలా కనబడుతుందని అడిగాడు. మేస్త్రీ ఆయన వంక గౌరవంగా చూశాడు. తేలు కాదు, తేలు పిల్ల మీసం కూడా దూరకుండా ఆ గూడు వెనక పలక కొడతానని మాటిచ్చాడు.

ఆ పలక కోసం పడిన పాటే నా కళ్ల ముందు ఇప్పటికీ కదలాడేది. నేల నాపబండలది. పైకి నున్నగా కనబడుతుంది గానీ ఒక బండ పొంగి ఉంటుంది, ఇంకోటి కుంగి ఉంటుంది. తిన్నటి పలక పెడితే అక్కడక్కడ సందు మిగులుతుంది. ఆయన వేపచెక్క తెచ్చాడు. వేపకు చెద పట్టదు, గది కడిగిన నీళ్లు తగిలినా తట్టుకుంటుందన్నాడు. పలకను చోటులో నిలబెట్టి, చిన్న చెక్కపేడు మీద పెన్సిలు ఆనించి పట్టుకుని, ఆ పేడును నేలమీద ఈ కొసనుంచి ఆ కొసకు లాక్కుంటూ పోయాడు. నేల ఎక్కడ ఎక్కితే పెన్సిలు అక్కడ ఎక్కింది, నేల దిగిన చోట దిగింది. మా వంటగది నేల ఎలా ఉందో పలక మీద గీత పడింది. ఆ గీత వెంబడి ఉలితో చెక్కడం, పెట్టి చూడటం, తీయడం, మళ్లీ చెక్కడం. ప్రతిసారీ బోర్లా పడుకుని, చెంప బండకు ఆనించి చూసేవాడు. ఆ భంగిమలో కూడా మాట ఆగేది కాదు. బండతో మాట్లాడేవాడు.

చివరికి పలక కూర్చుంది. వెనకవైపు చెక్కదిమ్మెలు పెట్టి మరమేకులతో బిగించాడు. అడుగు అంచుకు నూనె పట్టించాడు. తర్వాత మేస్త్రీ మా మామ టార్చిలైటు అడిగి తెప్పించుకుని, వెలిగించి, అలమరలో అడుగుచెక్క తీసి పలక వెనక్కి పెట్టాడు. గది కిటికీ మూయించాడు. పలక కింద నుంచి వెలుతురు కనబడితే పని మళ్లీ మొదటికి వస్తుందట. తన కళ్ల మీద తనకు నమ్మకం లేదని, తన పనిని చూస్తే తన కళ్లు పొంగిపోతాయని, ఇంట్లో వాళ్లే చూడాలని పట్టుబట్టాడు. తను పంచలోకి వెళ్లి నిలబడ్డాడు.

నేను, మా ఆడబిడ్డ, గిన్నెలు తోమే ఆమె, ముగ్గురం నేలమీద బోర్లా పడుకున్నాం. మా అత్త ఎత్తు పీట మీద కూర్చుని కర్రతో చూపిస్తూ, ఆ మూల చూడు, ఈ మూల చూడు అంటోంది. చల్లటి బండకు చెంప తగిలి మా ఆడబిడ్డకు నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకు అంటుకుంది. సరిగ్గా అప్పుడే మామ అంగడినుంచి వచ్చి గడపలో నిలబడ్డాడు. చీకటి గదిలో ఇంటి ఆడవాళ్లందరూ నేలమీద పడి ఊగిపోతున్నారు. ఏం పడిపోయిందని అడిగాడు.

“ఏం పడిపోలే. ఎలుతురు ఎతుకుతాండారు” అంది మా అత్త.

మామ తెల్లపంచె పైకి దోపుకుని తనూ పడుకున్నాడు. ఏ మూలా వెలుతురు గీత లేదు. పంచలోంచి మేస్త్రీ ఏమైందని అరుస్తున్నాడు. జవాబు చెప్పడానికి మాకు నవ్వు ఆగలేదు.

ఆ సాయంత్రం మా అత్త బొరుగులతో ఉగ్గాని చేసింది, మిరపకాయ బజ్జీలు వేసింది. నిటారుగా నిలబడి, వేళ్లు గూట్లోకి పెట్టుకుని. పొద్దుపోయేసరికి ఇల్లంతా ఆమె గొంతుతో నిండిపోయింది. శనగపిండి ఎవరు అలా జల్లించారని, చింతపండు డబ్బా ఎవరు మార్చారని, కోడలికి ఇల్లప్పజెబితే ఇట్లాగే ఉంటుందని. తిట్లు తింటూ నేను పండగ చేసుకున్నాను. మామ ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

తర్వాత మా బంధువులు, వీధివాళ్లు వచ్చి చూసి వెళ్లడం, మేస్త్రీని పిలిపించుకోవడం మొదలైంది. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో ఆయన చేతి గట్లు లేచాయి. ఎక్కడికి వెళ్లినా ముందు ఆ ఇంట్లో వండే మనిషి కాళ్లు చూడాలనేవాడు. ఆడవాళ్లు తలుపు చాటున నిలబడి పాదాలు మాత్రం ముందుకు పెట్టేవాళ్లు. అందుకని ఆయనకు సగం ఊళ్లో ఆడవాళ్ల ముఖాలు తెలియవు, కాళ్లు తెలుసు. బజార్లో తల దించుకుని నడుస్తూ, మెట్టెలు చూసి గుర్తుపట్టి, ఏమమ్మా పలక కదల్లేదు కదా అని అడిగేవాడు. ఆ ఆడమనిషి ఉలిక్కిపడి తల ఎత్తితే, ఆయన అప్పటికే నాలుగంగళ్లు దాటిపోయేవాడు.

పులివెందులలో ఒక పెద్దమనిషి ఇంటి కథను ఆయన మా పెరట్లో ఎన్నోసార్లు చెప్పాడు. ఆ ఆసామి అంటే చుట్టుపక్కల ఊళ్లకు హడలు. గట్టుకు తన కొలతే తీసుకోమని ముందుకొచ్చి నిలబడ్డాడట. మేస్త్రీ కింది నుంచి పైకి చూసి, “వంట నువ్వు చేస్తావా అప్పా? చేస్తానంటే నీ కొలతే పెడతా” అన్నాడట. నడవలో ఉన్న మనుషులందరూ బిర్రబిగుసుకుపోయారట. ఆసామి కాసేపు మీసం మీద చెయ్యేసి నిలబడి, ఫక్కున నవ్వి, లోపలికి తిరిగి భార్యను పిలిచాడట. మొదటిసారి చెప్పినప్పుడు ఆసామి చేతిలో ఏమీ లేదు. రెండోసారికి కర్ర వచ్చింది. కొన్నాళ్లకు తుపాకీ కూడా వచ్చింది. మాకు మాత్రం ప్రతిసారీ మొదటిసారి విన్నంత బాగుండేది.

ఒకరోజు ఆ కథ తుపాకీ దాకా వచ్చింది. ఆయన పంచలో కూర్చుని టీ సాసరులో పోసుకుని ఊదుకుంటున్నాడు. మా అత్త లోపల పప్పు తాళింపు పెడుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

“మీ ఇంటామె ఎట్ల వండుతాది మేస్త్రీ?”

సాసరు పెదవుల దగ్గర ఆగింది. “కింద కూర్చునే వండుతాది” అన్నాడు ఆయన.

“ఆమెకు లేవా కాళ్లు?”

మా అత్త దెప్పాలని అనలేదు. తాళింపు మాడకుండా చూసుకుంటూ, తోచింది అడిగింది. మేస్త్రీ టీ తాగలేదు. సామాను సర్దుకుని, సాయంత్రం దాకా ఆగకుండా మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. చాలా రోజులు రాలేదు. మేస్త్రీ మొదలుపెట్టిన తన అంగడి తలుపులు సగంలో ఉన్నాయని ఒకాయన మా ఇంటికి వచ్చి అడిగి వెళ్లాడు. అనవసరంగా అన్నానేమోనని మా అత్త రోజూ మథనపడేది. ఆయన గొంతు లేకపోతే మా వీధి బోసిగా ఉండేది.

ఒక పొద్దున వీధి మలుపులో ఆ గొంతు మళ్లీ వినిపించింది. మనిషి కాస్త చిక్కాడు. పంచలో నిలబడి, మా అత్త జమ్మలమడుగు రావాలన్నాడు. ఇంట్లో గట్టు కట్టాడట. భార్య దానిమీద పొయ్యి ముట్టించనంటోందట.

“నీ మాట నేను నమ్మను, ఆ పెద్దమ్మ వచ్చి సరే అనల్ల అంటాండాది. నేనేం చేసేది?” అన్నాడు.

మా అత్త మరచెంబులో నీళ్లు పోయించుకుని, కర్ర తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. ఆమె కావలసినవాళ్ల ఇళ్లలో తప్ప బయట ఎక్కడా మంచినీళ్లు కూడా ముట్టదు. ఎక్కడికెళ్లినా ఆ చెంబు వెంట ఉండాల్సిందే. బస్సులో ఆమె కాలు చాపుకోవడానికి మేస్త్రీ ఇద్దరిని లేపి కూర్చోబెట్టాడు. పెన్నలో అప్పుడు నీళ్లు సన్నగా పారుతున్నాయి. దారంతా ఆయన కట్టిన గట్టు గురించి ఒక్క మాట చెప్పలేదు. అదే మాకు వింతగా ఉండింది.

సన్నటి సందులో చిన్న మిద్దె ఇల్లు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఆయనకంటే జానెడు పొడుగు మనిషి. అంతటి మాటకారికి ఇంత తక్కువ మాట్లాడే భార్య ఉంటుందని నేననుకోలేదు. మా అత్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

వంటగది మా నడవలో నాలుగో వంతు ఉండదు. గట్టు కింద తలుపులు ఒక్కోటి ఒక్కో చెక్క. ఒకటి మా ఇంటి టేకు ముక్క, ఒకటి పులివెందుల ఇంటిది, ఒకటి నల్లమద్ది, ఒకటి మామిడి. ఇన్నాళ్లూ పనుల్లో మిగిలిన ముక్కలన్నీ చిత్రిక పట్టి, చారలు కలిసేలా అతికించాడు. కింద వేపపలక బండల ఎగుడుదిగుళ్ల వెంబడి పాకి కూర్చుంది. మా అత్త గట్టు ముందు నిలబడింది. బండ ఆమె గుండెల దాకా వచ్చింది.

ఇది ఎత్తైపోయిందే అంది. నాకు సరిగ్గా ఉంది పెద్దమ్మా అని ఆయన భార్య పక్కన నిలబడి చూపించింది. నిజమే, ఆమె కోసం చేసినట్టే ఉంది. కొలత ఎలా తీసుకున్నాడని మా అత్త అడిగింది. ఆమె తల దించుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

“ఒక దినమంతా నిలబెట్టి చూస్తానే ఉండె. పెండ్లినాడు గూడా నన్ను అంతసేపు చూడలే.”

మా అత్త ఇంకేమీ పరీక్షించలేదు. ముట్టించమ్మా అంది. ఆమె ముట్టించింది. పాలు పెట్టింది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, వేళ్లు పలక దాకా పెట్టుకుని, పాలు పొంగేదాకా గిన్నె వైపే చూశారు. పొంగాక ఆమె సేమియా వేసింది, చక్కెర వేసింది. గది చిన్నది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అంతదాకా గుమ్మం బయట నిలబడి ఉన్న మేస్త్రీకి ఇక ఆగలేదు. లోపలికి వచ్చి, వేపచెక్క ఎక్కడ దొరికిందో, మూల దగ్గర బండ ఎంత ఏడిపించిందో మొదలుపెట్టాడు.

ఆయన భార్య గరిటె తిప్పడం ఆపలేదు.

“నువ్వు బయటికి పో. ఈడ మా ఇద్దరి కాళ్లకే చోటుండాది” అంది.

ఆయన బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు. వెళ్తున్నప్పుడు ఆయన ముఖం చూశాను. ఎన్ని ఇళ్లలో ఎన్ని పనులు చేసి తనను తాను మెచ్చుకున్నా, అంత వెలుగు ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

ఆమె సేమియా గిన్నెల్లో పోసి, ఒకటి నాకిచ్చింది. రెండోది చేత్తో పట్టుకుని, మా అత్తకు ఇవ్వాలా వద్దా అని ఆగింది. నేను మరచెంబు వైపు చూశాను. మా అత్త చెయ్యి చాపి గిన్నె అందుకుంది. నిలబడే, ఊదుకుంటూ తాగింది. అడుగున మిగిలిన సేమియా వేలితో తీసుకుంది. తర్వాత ఖాళీ గిన్నె ముందుకు చాపింది.

“ఇంకొంచెం పొయ్యి” అంది.